వేలు తెగింది

తెల్లదీపం కింద బిళ్ళను పెట్టి రచన భూతద్దాన్ని దగ్గరికి లాక్కుంది. పైనుంచి నలభై మూడో గీత నడుమ తెగి ఉంది. తెగిన సందు వెంట్రుక మందం కూడా లేదు. ఒక్క బిళ్ళలో అయితే పోనీలే అనుకోవచ్చు. వెనకాల వచ్చిన మూడింటిలోనూ అదే గీత అదే చోట తెగిందంటే అచ్చు జాలీలో వెండి ముద్ద గడ్డకట్టి ఒక కన్నం మూసుకుపోయిందన్నమాట.

ఆమె తలెత్తి కుడిచేతి చూపుడు వేలు నిలబెట్టి, నడిమి కణుపు దగ్గర వంచి చూపించింది. మిషన్ చప్పుడులో అరిచి లాభం లేదు కనుక ఇది వాళ్ళిద్దరూ పెట్టుకున్న సైగ. అచ్చు మిషన్ దగ్గర నిలబడ్డ నగేష్ అది చూసి ఎర్ర బటన్ నొక్కాడు. జాలీని పైకెత్తి, దాని అడుగును మందులో తడిపిన గుడ్డతో ఒకే వైపుగా రెండుసార్లు తుడిచి, మూడోసారి పొడిగుడ్డతో అద్దాడు. రుద్దితే జాలీ సాగుతుంది, సాగితే గీతలన్నీ వంకర పోతాయి. ఇవన్నీ అతనికి ఎవరూ నేర్పలేదు, మూడు జాలీలు పాడుచేసి తిట్లు తిని నేర్చుకున్నాడు.

ఎండతో వ్యాపారం చేసే ఆ ఫ్యాక్టరీలో అచ్చు గదికి కిటికీ లేదు. నీలం రంగు పలకలు బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జాలీ కిందికి రాగానే ఒక రబ్బరు పట్టీ వెండి ముద్దను తోసుకుంటూ పోతుంది, పలక మీద సన్నటి గీతలు డెబ్బై చిల్లర, వాటికి అడ్డంగా రెండు లావు గీతలు అచ్చవుతాయి. ఎండ తగిలి పలకలో పుట్టిన కరెంటును ఏరుకొచ్చేవి ఆ సన్న గీతలే. ఇంజనీర్లు వాటిని ఫింగర్లంటారు. నగేష్‌కు ఇంగ్లీషు రాదు, తెలుగు మాత్రం తడుముకోకుండా చదువుతాడు. షిఫ్టు రిజిస్టరు చూసి ఎక్కడ తప్పు పోతున్నదో తెలుసుకోవాల్సింది అతనే కాబట్టి, రచన నాలుగేళ్ళ కిందట వచ్చిన కొత్తలోనే ఫింగర్లను వేళ్ళని రాయడం మొదలుపెట్టింది. పలకను బిళ్ళ అనడం నగేష్ అలవాటు చేశాడు. ఇద్దరికీ అర్థమయ్యే భాష, మూడోవాడికి అక్కర్లేదు.

రిజిస్టరులో గంటకొక గడి ఉంటుంది. పదకొండు నుంచి పన్నెండు గడిలో ఆమె రాసింది: వేలు తెగింది. మిషన్ ఆపినం. తుడిచినం. మళ్ళ షురూ.

గడియారంలో పదకొండూ ఇరవై అయింది.

సరిగ్గా ఇంకో ఇరవై నిమిషాలకు ఒక బిళ్ళ జాలీ కింద పగిలింది. ముక్క ఉండిపోతే వెనకాల వచ్చేవన్నీ పగులుతాయి. మిషన్‌కు గాజు తలుపుంది, తలుపు తెరిస్తే మిషన్ దానంతటదే ఆగాలి. అలా ఆగినప్పుడల్లా నాలుగు నిమిషాలు పోతున్నాయని, తలుపు తెరిచినా మిషన్‌కు తెలియకుండా రెండు నెలల నుంచి దాని స్విచ్చికి ఒక అయస్కాంతం అంటించి ఉంది. దాన్ని అంటించింది ఎవరో అందరికీ తెలుసు, అంటించమన్నది ఎవరో ఇంకా బాగా తెలుసు. నగేష్ తలుపు తీసి ముక్క కోసం చేయి పెట్టాడు.

రచన తలెత్తేసరికి అతను కుడిచేయి పైకెత్తి ఆమె వైపే చూస్తున్నాడు. చూపుడు వేలు పొట్టిగా కనిపించింది. వేలు తెగిందంటున్నాడు, అనుకుంది. సరేనన్నట్టు తలూపి, వచ్చిన బిళ్ళను భూతద్దం కింద పెట్టింది. గీతలన్నీ బాగున్నాయి. ఇంకొకటి పెట్టింది. అదీ బాగుంది. మూడోదీ బాగుంది. వీడేం చూశాడని విసుక్కుంటూ నాలుగోది అందుకుంటే దాని మీద ఎర్రటి చుక్కలున్నాయి.

షిఫ్టు ఇన్‌ఛార్జి ఉమాకాంత్ పరిగెత్తుకుంటూ వచ్చి మొదట మిషన్ తలుపు మూశాడు, తర్వాత నగేష్ చేతికి తుడిచే గుడ్డ చుట్టాడు, తర్వాత రచన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం రాయకు. రేపు బయటి దేశమోళ్ళు చూడనీకి వస్తున్నరు. నేను నా కారుల తీస్కపోత. మంచి దవఖానల చూపిస్త. నువ్వైతే ఏం రాయకు, సరేనా?"

గేటు దగ్గర బోర్డు మీద, ప్రమాదం లేని రోజులు 211 అని ఉంది. మర్నాటికి 212 అయింది. రచన ఏమీ రాయలేదు. రెండు వేల పన్నెండు ఎండాకాలం అది. చైనా సరుకు ధర పడిపోయి ఫ్యాక్టరీలో సగం మందిని ఇంటికి పంపేశారు, మిగిలినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నారు. ఆమెకు భయమేసింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

*

ఆ తర్వాతి వారం గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో పక్కసీటు సంయుక్త చెవి దగ్గరికి వంగింది. ఆమె కూడా రచనలాగే బిళ్ళలు చూసే అమ్మాయే, రెండో లైన్లో.

"రిజిస్టర్ పేజీ ఫోటో తీసి బయటికి పంపినవంట గద?"

"నేనా? ఎవలన్నరు?"

"ఎవలో అన్నరు తియ్. నాకెందుకు." సంయుక్త కిటికీ వైపు తిరిగింది. "ఉమాకాంత్ సార్ నన్ను పిలిచి అడిగిండు. నేనైతే నీ పేరు చెప్పలే."

చెప్పలేదని అంత గట్టిగా చెప్పిందంటే చెప్పే ఉంటుందని రచనకు అనిపించింది. ఫోటో తీసింది కూడా ఈ పిల్లే కావచ్చు. మొన్న తిండి టైములో బల్ల దగ్గర ఎందుకు తచ్చాడింది? నారాయణగూడ చౌరస్తాలో దిగాక సంయుక్త రోజూలాగా బండి దగ్గర చెరకురసం తాగుదామనలేదు.

చిక్కడపల్లి సందులో తమ కిరాయి ఇంటి మెట్ల మీద ఒక ముసలామె కూర్చొని ఉంది. చేతులకు సిమెంటు అంటి ఆరి తెల్లబడింది. పనిమీది నుంచి నేరుగా వచ్చినట్టుంది. పై మెట్టు మీద రచన తల్లి రాజకుమారి తలుపు సగం మూసి, సగంలోంచి కాపలా కాస్తున్నది.

"గంట అయింది ఈమె వచ్చి," అంది రాజకుమారి. "ఏందంటే చెప్పదు. నీతోనే చెప్తదంట."

"నగేష్ అమ్మనమ్మా. కురుమమ్మ అంటరు," అంది ముసలామె లేచి. "లోయర్ ట్యాంక్ బండ్ బస్తీల ఉంటం. నువ్వు బుక్కుల రాసినవంట గద బిడ్డా, మా పిలగాని వేలు తెగిందని?"

రచన వెనక్కి తిరిగి సందులో ఎవరైనా వింటున్నారేమో చూసింది. "ఎవలు చెప్పిన్రు?"

"ఫోన్ల ఫోటో ఉన్నది. వాడే సదివి చెప్పిండు. వేలు తెగింది, మిషన్ ఆపినం అని." కురుమమ్మ ఒక్కో మాటా అప్పజెప్పినట్టు అంది. "దవఖానల బండి చైన్ల పడ్డదని రాయించిన్రు. గట్ల చెప్తె మంచిగ చూపిస్త అన్నడంట సారు. మావోడు పిచ్చోడు, చెప్పిండు. కుట్లేసి పంపిన్రు. ఇప్పుడు ఫోన్ ఎత్తరు, గేట్లకు రానియ్యరు. ఇంట్ల తెగ్గోసుకొని మా మీదికి వచ్చినవంటున్నరు. పనికాడ తెగిందని ఒప్పుకుంటెనే గద సర్కారోళ్ళు చూస్తరు, పింఛనన్న ఇస్తరు. సోమారం ఫ్యాక్టరీలు చూసే ఇన్స్‌పెక్టర్ వస్తడంట. నువ్వు గదొక్కటి చెప్తె సాలు."

"ఏం చెప్పాలె?"

కురుమమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు రచనకు నచ్చలేదు. సామాను కొనే ముందు తూకం రాయిని చూసే చూపు అది.

"ఉన్నది చెప్పు. అబద్ధమేమన్న చెప్పుమంటున్ననా?"

ఆమె సందు మలుపు తిరిగేదాకా రాజకుమారి తలుపు పూర్తిగా తెరవలేదు. "వాళ్ళ లొల్లిల నువ్వెందుకు?" అంది. "పర్మనెంట్ చేస్తమని ఇప్పుడిప్పుడే అంటున్నరు."

రచన కాళ్ళు కడుక్కుని వంటింట్లో కూర్చుంది. తల్లి పెట్టిన టీ చల్లారిపోయింది. నగేష్ ఆ పేజీ చదివి తన గురించే అనుకున్నాడు! అనుకోడా మరి? అతని వేలు తెగింది, మిషన్ ఆపారు, నేల తుడిచారు, పది నిమిషాల్లో మళ్ళీ షురూ చేశారు. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. నాలుగేళ్ళుగా అతనికి అర్థం కావాలని రాసిన భాష అతన్నే మోసం చేసింది. ఆ తెగిన వేలు బిళ్ళదని తెలిసింది లోకంలో ఆమె ఒక్కతికే, అని ఆ పూట అనుకుంది.

*

ఆమె ఒక్కతికే కాదని శనివారం తెలిసింది. ఉమాకాంత్ ఫోన్ చేసి, ఫ్యాక్టరీలో మాట్లాడితే గోడలకు చెవులున్నాయని, అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కనున్న టీ బండి దగ్గరికి రమ్మన్నాడు. చుట్టూ గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు టీ గ్లాసు ఒక చేత, జిరాక్సు కాగితాలు ఒక చేత పట్టుకొని ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటున్నారు. అంతమంది చదువుకునేవాళ్ళ మధ్య ఉమాకాంత్ మర్యాదగా కనిపించాడు. ఆమెకు టీ తనే అందించాడు. నాలుగేళ్ళలో ఎన్నడూ లేనిది.

"ఫోటో నువ్వు తియ్యలేదని నాకు తెలుసు," అన్నాడు.

సంయుక్తకు కూడా ఇదే మాట చెప్పి ఉంటాడని రచన అనుకుంది.

"సోమవారం నారాయణగూడ సిటీ ఆఫీసుల ఎంక్వైరీ. నిన్ను పిలుస్తరు. ఇన్స్‌పెక్టర్ కోస్తా దిక్కు మనిషి, మన లైన్ సంగతి ఏం తెల్వదు. ఆ పేజీ చూసి మనిషి వేలే అనుకుంటున్నడు. నువ్వు జర సమజ్ చెయ్యాలె."

"ఏమని సార్?"

"నిజం చెప్పు." ఉమాకాంత్ నవ్వాడు. "నేను అబద్ధం చెప్పమంటున్ననా రచనా? అది బిళ్ళ వేలు. నువ్వు రాసిందే, నీకు తెల్వదా? గదొక్కటి చెప్పు, చాలు. నీ పర్మనెంట్ లెటర్ టైపయింది. మీటింగ్ కాంగనే చేతికిస్త."

టీలో చక్కెర ఎక్కువైంది. ఆ ఫ్యాక్టరీలో తగ్గించి రాయమన్నవాళ్ళున్నారు, పెంచి రాయమన్నవాళ్ళున్నారు, నిజం చెప్పమని బతిమాలినవాణ్ణి ఆమె ఇదే మొదటిసారి చూడటం. అందులో ఏదో ఉందని ఒళ్ళంతా చెబుతున్నది. ఏముందో అందడం లేదు. కురుమమ్మా నిజమే చెప్పమంది. ఈయనా నిజమే చెప్పమంటున్నాడు. ఇద్దరికీ ఒకటే నిజం కావాలంటే ఎవరో ఒకరు మునగాల్సిందే.

"మరి నగేష్ వేలు సార్?"

"దవఖాన కాగితం ఉన్నది గద, బండి చైన్ అని. వాడే చెప్పుకున్నడు." ఉమాకాంత్ గ్లాసు బండి మీద పెట్టాడు. "నిన్ను దాని గురించి ఎవ్వలడుగుతరు? అడిగినదానికే చెప్పు. ఎక్కువ తక్కువ లేకుంట."

ఇంటికి నడుస్తూ ఆమె రకరకాలుగా ఆలోచించింది. అవును సార్, మనిషి వేలే, నేనే రాసిన, అంటే? ఒక్క మాట. ఆ ముసలామె బాధ తీరిపోతుంది, తను రాయకుండా వదిలేసిన సంగతి కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది. తెలియకుండా పోతుందన్న ఆ రెండో సంగతే తనకు ఎక్కువ రుచించిందని గ్రహించి రచన సిగ్గుపడింది. అయినా సోమవారం దాకా మనసు ఆ మాట చుట్టూనే తిరిగింది.

*

కంపెనీ సిటీ ఆఫీసు రెండో అంతస్తులో. ఫ్యాను కింద పొడుగాటి బల్ల. ఒక కొసన ఇన్స్‌పెక్టర్ వీరరాఘవరావు, పెద్దమనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఒక పక్క ఉమాకాంత్. ఇంకో పక్క నగేష్, కురుమమ్మ. నగేష్ కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టాలా ఒళ్ళో పెట్టాలా తెలియక గాలిలో పట్టుకొని ఉన్నాడు. రచనను చూసి "అక్కా" అన్నాడు. ఎంతో నమ్మకంగా అన్నాడు. ఆమె కళ్ళు దించుకుంది.

"ఈ ఫోటో ఎవరు తీశారు?" వీరరాఘవరావు కాగితం మీద అచ్చు తీసిన పేజీని ముందుకు జరిపాడు.

"నేనే సార్. ఎడమచేత్తోటి," అన్నాడు నగేష్. "సారు కారు తేనీకి పోయినప్పుడు అక్క బల్ల కాడ కూసున్న. బుక్కు తెరిచే ఉండె. అప్పుడే రాసేసింది అక్క, అనుకున్న. ఎందుకన్న మంచిదని తీసిన."

సంయుక్త కాదు. రచన నాలుగు రోజులు ఆ పిల్లను అనుమానించింది. ఇప్పుడు దాని గురించి బాధపడే తీరిక కూడా లేదు.

"వేలు తెగింది. మిషన్ ఆపినం. తుడిచినం. మళ్ళ షురూ." వీరరాఘవరావు చదివి కళ్ళజోడు పైనుంచి ఉమాకాంత్‌ను చూశాడు. "చదువుతుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. ఇంతకన్నా ఏం కావాలండీ?"

"సార్, ఆ అమ్మాయినే అడగండి," అన్నాడు ఉమాకాంత్ చాలా వినయంగా. "రాసింది ఆమెనే."

అతని చేతి కింద అసలు రిజిస్టరు ఉంది. దాని పేజీల మధ్య నుంచి పసుప్పచ్చ కాగితపు ముక్కలు బయటికి తొంగిచూస్తున్నాయి. పదో పదిహేనో ఉంటాయి. రచనకు ఒక్కసారిగా అర్థమైంది. ఆ గుర్తులు పెట్టిన ప్రతి పేజీలోనూ తన దస్తూరితో వేలు తెగింది అనే ఉంటుంది. మార్చిలో తెగింది, ఏప్రిల్లో తెగింది, ఒకే రోజు మూడుసార్లు తెగింది. తను మనిషి వేలని అనడమే ఆలస్యం, అతను ఒక్కో పేజీ తెరిచి, ఇదెవరి వేలు, ఇదెవరి వేలు అని అడుగుతాడు. తను అబద్ధాలకోరు అవుతుంది, తనతో పాటు నగేష్ కూడా అవుతాడు. నిజం చెబితే సరే, అబద్ధం చెబితే ఇంకా మంచిది! ఉమాకాంత్ రెండు దారులకూ తాళం వేసి వచ్చి కూర్చున్నాడు.

"చెప్పమ్మా. ఇది ఏ వేలు?"

"బిళ్ళది సార్."

"ఏమిటి?"

"వెండి గీతలను మేం వేళ్ళంటం. బిళ్ళ మీద గీత తెగితే గట్ల రాస్తం. ఇది బిళ్ళ వేలే. పదకొండూ ఇరవైకి రాసిన."

నగేష్ కట్టు చేయి మెల్లగా ఒళ్ళోకి దిగిపోయింది. కురుమమ్మ రచననే చూస్తున్నది. ఆశ్చర్యపోయినట్టు లేదు, ఇలాంటిదేదో అవుతుందని ముందే తెలిసినట్టుంది. ఉమాకాంత్ రిజిస్టరు మీద నుంచి చేయి తీశాడు. ఇన్స్‌పెక్టర్ పెన్ను మూత తీసి, "అయితే కార్మికుడి వేలు గురించి రిజిస్టరులో ఏమీ లేదన్నమాట," అంటూ రాసుకోబోయాడు.

"లేదు సార్. రాయలే," అంది రచన. "నగేష్ వేలు పదకొండూ నలభైకి తెగింది. మిషన్ల. నేను ఎదురుంగనే ఉన్న. తలుపు తీస్తె ఆగాలె మిషన్, స్విచ్చికి అయస్కాంతం పెట్టిన్రు, ఆగలే. సార్ వచ్చి రాయకన్నరు. నేను రాయలే."

"రచనా!" అన్నాడు ఉమాకాంత్. "అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?"

"మీరుండండి." వీరరాఘవరావు పెన్ను కింద పెట్టాడు. "కళ్ళతో చూశావా అమ్మా? వేలు పోవడం?"

"పోయినంక చూసిన. చెయ్యి ఎత్తి నాకే చూపించిండు సార్. గీత తెగితే మేం వేలు వంచి చూపించుకుంటం. గదే అనుకున్న." ఆమె నగేష్ కట్టు వైపు తిరిగింది. "ఇంక మూడు బిళ్ళలు చూసిన సార్. వాడు గట్లనే నిలబడ్డడు. నాలుగో దాని మీద రక్తం ఉండె."

నగేష్ ఆ మాట మొదటిసారి వింటున్నాడు. ఆమె తనను చూసి తలూపి మళ్ళీ ఎందుకు కిందికి వంగిందో అతనికి ఇప్పటిదాకా తెలియదు. అతని మొహంలో ఏదో కదిలింది. అది జాలో కోపమో రచన తేల్చుకోలేకపోయింది.

"ఆమెకు పర్మనెంట్ లెటర్ ఆపిన్రని కోపం సార్," అన్నాడు ఉమాకాంత్.

"మొన్న టైపయిందన్నరు గద సార్," అంది రచన.

ఇన్స్‌పెక్టర్ ఒక తెల్ల కాగితం ఆమె ముందుకు తోశాడు. "నువ్వు చూసిందంతా రాసి సంతకం పెట్టు. ఆ అబ్బాయితో కూడా పెట్టించు. రిజిస్టరు ఇలా ఇవ్వండి. రేపు నేనే వచ్చి మిషన్ చూస్తాను. స్విచ్చి దగ్గరికి ఎవరూ పోవద్దు." ఉమాకాంత్ పసుప్పచ్చ ముక్కలు ఒక్కొక్కటీ పీకుతుంటే, "అవి ఉండనివ్వండి," అన్నాడు.

రచన రాసింది. అలవాటుగా వేలు అని మొదలుపెట్టి, కొట్టేసి, నగేష్ కుడిచేతి చూపుడు వేలు అని రాసింది. మిషన్, తలుపు, అయస్కాంతం, సారు అన్న మాట, తను రాయకపోవడం. ఆమె రాస్తున్నంతసేపూ కురుమమ్మ బల్ల మీదికి వంగి, చదవడం రాకపోయినా, పెన్ను ఎటు పోతే అటు చూసింది.

"గిది గా రోజే రాస్తె ఏమయితుండె బిడ్డా?" అంది.

"భయమయింది అమ్మా."

"మాకు గాదా భయం?"

రచన సంతకం పెట్టి కాగితాన్ని నగేష్ వైపు తిప్పింది. ఇన్స్‌పెక్టర్ అతని కట్టు చూసి ఇంకు ప్యాడ్ జరిపి, వేలిముద్ర వెయ్యమన్నాడు.

"సంతకం చేస్త సార్. సదువొస్తది," అన్నాడు నగేష్.

అతను ఎడమచేతి వేలు ఒక్కో మాట కింద ఆనిస్తూ చదివాడు. చివరిదాకా పోయి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నాలుగేళ్ళలో ఆమె రాసినదాన్ని అతను రెండుసార్లు చదవడం రచన ఎప్పుడూ చూడలేదు.

"టైం రాయలే," అన్నాడు. అక్కా అనలేదు.

ఆమె కాగితం తీసుకొని పదకొండూ నలభై అని రాసింది.

"పొద్దుగాల అని గూడ రాయి," అంది కురుమమ్మ. "లేకుంటె రాత్రి పదకొండని అంటరు."

రచన అది కూడా రాసింది.